కార్డుల ఉన్న చిప్పు మన జాడ ఎవలకు చెప్తున్నది?

మీ బ్యాంకు కార్డు మీద నాలుగు వంకర గీతల గుర్తు ఉన్నదా? ఉంటే దాంట్ల రేడియో చిప్పు ఉన్నట్టే. మిషనుకు ఆనిస్తే చాలు, పిన్ను లేకుంటనే పైసలు పోతయి. బస్సుల పక్కనోడు జేబుకు మిషను ఆనిచ్చి పైసలు గుంజుతడని వీడియోలు తిరుగుతున్నయి. ఇందుల నిజమెంత?

ఆ చిప్పుకు బ్యాటరీ ఉండది. మిషను పంపే రేడియో అలల నుంచే కరెంటు తీసుకొని జవాబిస్తది. ఈ ముచ్చట నాలుగైదు సెంటీమీటర్ల దూరంలనే నడుస్తది. చాలా కార్డులు అడిగిన మిషనుకల్లా నంబరు, గడువు తేదీ చెప్తయి. గాని వెనక అచ్చేసిన మూడంకెల సీవీవీ చెప్పవు. ప్రతి చెల్లింపుకు కొత్త రహస్య సంకేతం పుడుతది, అది ఇంకోసారి పనికిరాదు. పైగా పైసలు పోయేది మిషనుకు జోడైన ఖాతాలకే కాబట్టి దొంగ జాడ దొరుకుతది. అందుకే గాలిల దొంగతనం వీడియోల చూపినంత అల్కగ కాదు.

అసలు గండం కార్డు పోతే ఉంటది. పిన్ను లేకుంట కొట్టే హద్దును రిజర్వు బ్యాంకు 2021 జనవరి 1 నుంచి 2,000 రూపాయల కెల్లి 5,000కు పెంచింది. కూలి మనిషికి అది వారం దినాల కష్టం. ఈ సౌకర్యం బంద్ పెట్టుకునే, హద్దు తగ్గించుకునే వీలు ఖాతాదారుకు ఇయ్యాలని 2020 జనవరిల అదే రిజర్వు బ్యాంకు ఆదేశించింది. యాప్‌ల చేసుకోవచ్చు, ఏటీఎంల చేసుకోవచ్చు. అక్కెర లేకుంటే ఇయ్యాల్నే బంద్ పెట్టుండ్రి. కార్డు పోతే ముందుగాల బ్లాక్ చేయించుండ్రి, మోసం జరిగితే 1930కి ఫోన్ కొట్టుండ్రి.

జేబుదొంగ సంగతి ఇంతే. మన జాడ రాసిపెట్టుకునేటోళ్ల సంగతి వేరు.

అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి విజయవాడ రోడ్డు పట్టుకొని పోతే పంతంగి టోల్‌గేటు వస్తది. అక్కడ చదివే ఫాస్టాగ్ గూడ రేడియో చిప్పే. కాకుంటే దాన్ని మీటర్ల దూరం నుంచే చదువుతరు. ఏ బండి, ఏ గంటకు దాటిందో రికార్డయితది. ఎల్బీనగర్ మెట్రోల కార్డు ఆనిస్తే ఎక్కడ ఎక్కినమో, ఎక్కడ దిగినమో రికార్డు. దుకాణంల ఆనిస్తే ఎంత ఖర్చయిందో రికార్డు. విడివిడిగ చూస్తే ఇవి చిన్న ముచ్చట్లే. ఒక్కకాడ కుడితే మనం ఏ దవాఖానకు పోతున్నమో, ఏ మీటింగుకు పోతున్నమో బయటపడ్తది.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం చెప్పింది. 2023ల డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం గూడ వచ్చింది. గాని తాను ఎంచుకున్న సర్కారు సంస్థలకు మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్రం దగ్గర్నే ఉంచుకున్నది. అదే చట్టం సమాచార హక్కు చట్టంల సెక్షన్‌ను మార్చి, వ్యక్తిగత సమాచారం పేరు మీద జవాబు ఇయ్యకుండ ఉండే దారి ఇంకింత వెడల్పు చేసింది. మన లెక్కలు వాళ్లకు కనవడ్తయి, వాళ్ల లెక్కలు మనకు కనవడయి.

మనం అడగాల్సినవి మూడే. మా రికార్డు ఎన్ని దినాలు ఉంచుతరు? ఎవలెవలకు ఇస్తరు? పోలీసులు అడిగితే ఏ కాయిదం చూసి ఇస్తరు? కార్డు చేతికిచ్చేటప్పుడే ఈ మూడింటికి జవాబు తెలుగుల రాసియ్యాలె.