పాత కారు పొద్దున్నే మొరాయిస్తే



కారు గొడవ మనకెందుకులే, అది మగవాళ్ళు చూసుకుంటారు అనే రోజులు ఏనాడో వెళ్ళిపోయాయి. ఇవాళ బెజవాడ బందరు రోడ్డు మీద స్టీరింగు పట్టుకున్న ఆడవాళ్ళు బోలెడంతమంది కనిపిస్తారు. తోలడం రాకపోయినా ఫరవాలేదు. అర్ధరాత్రి పసిపిల్లకి జ్వరం ముంచుకొస్తే వాకిట్లో ఉన్న ఆ బండే దిక్కు. అది పలకనప్పుడు ఏమైందో చెప్పగలిగితే సగం భయమూ, సగం ఖర్చూ తప్పుతాయి.

పాత బండ్లంటే మనకి అంబాసిడరూ, పద్మినీ, మారుతీ 800. అంబాసిడర్, మారుతీ 800 రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. పద్మిని అంతకు చాలా ముందే వెళ్ళిపోయింది. అయినా గుడివాడ, పామర్రు, అవనిగడ్డ వేపు పెంకుటిళ్ళ వసారాల్లో ఇవి ఇంకా నిక్షేపంగా ఉన్నాయి. పొద్దున్నే లేవడానికి మాత్రం బద్ధకిస్తాయి.

మెకానిక్కుకి కబురు చేసేముందు ఒక్కసారి చెవి పెట్టి వినండి. "బండి ఆలస్యంగా స్టార్టవుతోంది" అనే ఒక్క మాటలో రెండు వేరు వేరు జబ్బులున్నాయి. సెల్ఫ్ కొడితే ఇంజను నీరసంగా "ఊఁ... ఊఁ..." అని మూలుగుతూ తిరగడం ఒకటి. గిరగిరా చురుగ్గానే తిరుగుతూ ఎంతకీ అంటుకోకపోవడం రెండోది. మొదటిది కరెంటు జబ్బు. రెండోది పెట్రోలుకో నిప్పురవ్వకో సంబంధించినది. గ్యాసు పొయ్యి వెలగకపోతే సిలిండరు అయిపోయిందా, లైటరు పాడయిందా అని మనం చూసుకోమూ? ఇదీ అంతే. ఈ తేడా తెలియకే చాలా ఇళ్ళల్లో ముందు బ్యాటరీ మార్చేస్తారు. మా పక్కవీధిలో ఒకావిడ పింఛను డబ్బుతో కొత్త బ్యాటరీ వేయించారు. వారం తిరక్కముందే మళ్ళీ అదే మూలుగు. చివరికి తేలిందేమిటయ్యా అంటే, ఇంజనుకీ చాసిసుకీ మధ్య ఉండే ఎర్తు పట్టీ తుప్పు పట్టి చీకిపోయింది. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూచుంటుంది కాబట్టి ఆ పట్టీ లేకపోతే కరెంటు తిరిగి వచ్చే దారి ఉండదు.

ఇహ నీరసంగా తిరిగే బండి సంగతి. "హారన్ మోగుతోందిగా, బ్యాటరీ బాగానే ఉంది" అంటారు డ్రైవర్లు. ఆ మాట నమ్మకండి. హెడ్‌లైట్లు రెండూ కలిపి తీసుకునేది సుమారు 10 ఆంపియర్లు. సెల్ఫ్ మోటారుకి 100 నుంచి 200 దాకా కావాలి. అందుకని హెడ్‌లైట్లు వేసి ఉంచి సెల్ఫ్ కొట్టించి చూడండి. లైట్లు పూర్తిగా మసకబారితే లోపం బ్యాటరీలోనో దాని తీగల్లోనో ఉన్నట్టు. లైట్లు వెలుగుతూనే ఉండి ఇంజను కదలకపోతే సెల్ఫ్ మోటారునో, దానికి కరెంటు అందించే స్విచ్చినో అనుమానించాలి.

బ్యాటరీ కొనలమీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటే అదే కరెంటుకి అడ్డు. దానికి మందు మన వంటింట్లోనే ఉంది. వేడినీళ్ళలో వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్షుతో రుద్ది, మంచినీళ్ళతో కడిగి, పొడిగా తుడవాలి. సోడానీళ్ళు మాత్రం మూతల్లోంచి లోపలికి పోకూడదు. మళ్ళీ బిగించాక పైన వ్యాజలీను రాయాలి. కానీ ముందుగా చేతి గాజులూ ఉంగరాలూ తీసెయ్యండి. బంగారపు గాజు కొనకీ బాడీకీ మధ్య తగిలిందంటే క్షణంలో ఎర్రగా కాలి చర్మం ఊడుతుంది. విప్పేటప్పుడు బాడీకి కలిసిన ఎర్తు తీగ ముందు విప్పాలి, బిగించేటప్పుడు అది ఆఖరున బిగించాలి. బ్యాటరీ దగ్గర అగ్గిపుల్ల గియ్యకూడదు. ఛార్జీ అయ్యేటప్పుడు అందులోంచి హైడ్రోజన్ వస్తుంది.

చిన్న మల్టీమీటరు ఒకటి ఇంట్లో ఉంటే ఇంకా మంచిది. రాత్రంతా ఆగి ఉన్న బండికి 12.6 వోల్టులు చూపిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగమే. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పోతే బ్యాటరీని షాపులో చూపించాలి. ఇంజను నడుస్తున్నప్పుడు 14 దగ్గర ఉండాలి. లేకపోతే తప్పు బ్యాటరీది కాదు, దానికి ఛార్జీ ఇచ్చేదానిది. పాత డైనమో బండ్లు ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు దాదాపు ఏమీ ఛార్జీ ఇవ్వవు. బీసెంట్ రోడ్డుకీ ఇంటికీ మధ్య మాత్రమే తిరిగే బండికి రోజూ ఖర్చేగాని జమ ఉండదు. వారానికోసారి ఉయ్యూరు దాకా వెళ్ళిరండి.

రెండో జబ్బు కొంచెం చిక్కుది. పది రోజులు కదలకుండా ఉన్న బండి మొదటిసారి కాస్త ఎక్కువసేపు సెల్ఫ్ అడిగితే కంగారుపడకండి. కార్బురేటరు గిన్నెలోని పెట్రోలు మన ఎండలకి ఆవిరైపోతుంది. పాత తరహా పెట్రోలు పంపు ఇంజను తిరిగితేగాని పనిచెయ్యదు. అది మళ్ళీ గిన్నె నింపేదాకా ఆగాలి. రోజూ ఇదే తంతు అయితే మాత్రం పంపులో పొర చిరిగిందో, పెట్రోలు వెనక్కి జారుతోందో, రబ్బరు పైపు పగిలి గాలి పీలుస్తోందో అయి ఉంటుంది. ఈ పైపుల మీద ఇప్పుడు మరింత కన్నెయ్యాలి. మన దేశంలో పెట్రోలులో ఇథనాలు పాలు 2025 నాటికి 20 శాతానికి చేరింది. ఆ పాత రబ్బరు దీనికోసం చేసింది కాదు. పైపు మెత్తబడినా, పగుళ్ళిచ్చినా, బానెట్టు ఎత్తగానే పెట్రోలు వాసన గుప్పుమన్నా ఆ రోజే మార్పించండి. వేడి ఇంజను మీద పెట్రోలు కారితే బండే అంటుకుంటుంది.

చల్లటి ఇంజనుకి చోకు లాగాలి, అంటుకున్నాక ఒకటి రెండు నిమిషాల్లో తోసెయ్యాలి. మరిచిపోతే పెట్రోలు ఖర్చు సరే, ప్లగ్గులు మసిబారి మర్నాడు అసలు పలకదు. పదేపదే యాక్సిలరేటరు తొక్కితే పెట్రోలు ఎక్కువై వాసన కొడుతుంది. అప్పుడు చోకు తోసేసి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాలి. ఏ బండికైనా ఒక విడత పది సెకన్లకు మించి కొట్టకండి. అర నిమిషం ఆగి మళ్ళీ కొట్టండి. లేకపోతే సెల్ఫ్ మోటారు కాలిపోతుంది.

మే నెల మధ్యాహ్నం ఆగిన బండి వెంటనే స్టార్టు కాకపోవడం వేరే సంగతి. పైపులోనే పెట్రోలు ఉడికి ఆవిరి అడ్డుపడుతుంది. బానెట్టు ఎత్తి పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగితే చాలు.

వానాకాలం తెల్లవారుజామున మాత్రమే మొరాయిస్తే చెమ్మని అనుమానించండి. కాలవగట్ల ఊళ్ళల్లో ఇది మామూలే. డిస్ట్రిబ్యూటరు మూత తీసి లోపలా బయటా పొడిగుడ్డతో తుడిస్తే చాలాసార్లు లేస్తుంది. రాత్రి చీకట్లో ఇంజను నడుస్తుండగా బానెట్టు ఎత్తి దూరంనుంచి చూడండి. ప్లగ్గుల తీగలమీద నీలిరవ్వలు చిటపటలాడితే ఆ తీగలు మార్చవలసిందే. కొంగు మాత్రం బొడ్లో గట్టిగా దోపుకోండి. ఫ్యాను బెల్టుకి పట్టుచీరా నేతచీరా తేడా తెలియదు. పాయింట్ల సందు, కండెన్సరు సంగతి మెకానిక్కుకే వదిలెయ్యవచ్చు.

ఆటోనగర్‌కి తీసుకెళ్ళినప్పుడు "స్టార్టు కావడంలేదు బాబూ" అని ఊరుకోకండి. చల్లగా ఉన్నప్పుడా, వేడిమీదా? నీరసంగా తిరుగుతోందా, చురుగ్గా తిరిగి అంటుకోవడంలేదా? పెట్రోలు వాసన వస్తోందా? ఈ మూడూ చెప్పండి. వినే మెకానిక్కు అనవసరంగా దేన్నీ విప్పడు.

సెల్ఫ్ అసలు ముట్టుకోకూడని సమయం ఒకటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వేపు వీధులకు వీధులే మునిగినప్పుడు ఎన్నో బండ్లు నీళ్ళల్లో ఉండిపోయాయి. అలా మునిగిన బండికి నీళ్ళు తీయగానే తాళం తిప్పకూడదు. సిలిండర్లలో నీరుంటే అది గాలిలా అణగదు, పిస్టను కింది కడ్డీలే వంగిపోతాయి. బ్యాటరీ ఎర్తు తీగ విప్పించి, ఆయిలు కడ్డీ తీసి చూడండి. ఆయిలు పాలు కలిపిన కాఫీలా ఉంటే నీళ్ళు లోపలికి వెళ్ళినట్టే. అలా లేకపోయినా సరే, బండిని తాడు కట్టి షెడ్డుకి లాగించండి. అక్కడ ప్లగ్గులు విప్పి నీరు తోడి, ఆయిలు మార్చాకే తాళం తిప్పనివ్వండి.