స్థూలకాయము, ప్రేగులలోని సూక్ష్మజీవులు, రక్తపు క్యాన్సరు

కోల్‌కతాలో హుగ్లీ నదీతీరముననున్న గార్డెన్ రీచ్ ఆగ్నేయ రైల్వేకు ప్రధాన స్థానము. వాల్తేరు డివిజను 2003 వరకు ఈ రైల్వేలోనిదే యగుటచే, ఉద్యోగరీత్యా ఆంధ్రు లనేకులు ఇచ్చటికి వచ్చి కాపురముండిరి. పగలెల్ల కుర్చీలో పని, రాత్రి కడుపునిండ భోజనము, వెంటనే నిద్ర: ఇట్టి జీవితమున నడుము పెరుగుట సహజము. దీనివలన మధుమేహము, గుండెజబ్బు కలుగునని అందరెరుగుదురు. రక్తపు క్యాన్సరుతోను దీనికి సంబంధము కలదని ఎరిగినవారు కొద్దిమందియే.

క్రొవ్వు చేయు పని

రక్తకణములు ఎముకలలోని మూలుగయందు పుట్టును. శరీరమున క్రొవ్వు మితిమీరినప్పుడు, అది వాపును పుట్టించు రసాయనములను రక్తములోనికి విడుచును. వానిలో నొకటగు ఇంటర్‌ల్యూకిన్-6, మూలుగలోని ప్లాస్మా కణముల వృద్ధికి తోడ్పడును. ఈ కణములు హద్దుమీరి పెరుగు వ్యాధియే మల్టిపుల్ మైలోమా. అధిక క్రొవ్వుతో సంబంధముగల 13 క్యాన్సర్లలో దీనిని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2016లో చేర్చినది.

సూక్ష్మజీవుల పాత్ర

ప్రేగులలోని సూక్ష్మజీవులలో పెక్కు మనకు మేలు చేయునవే. అవి ఆహారములోని పీచును పులియబెట్టి, ప్రేగు గోడను కాపాడు ఆమ్లములను తయారుచేయును. గోడ బలహీనపడినచో సూక్ష్మజీవులు రక్తములోనికి చొరబడగలవు. టెట్2 అను జన్యువు లోపించిన ఎలుకలలో, ఇట్లు చొరబడిన సూక్ష్మజీవుల ప్రేరణచే లుకేమియాకు పూర్వరూపమగు స్థితి ఏర్పడుచున్నదని 2018లో తేలినది. సూక్ష్మజీవులు లేకుండ పెంచిన ఎలుకలలో అది కానరాలేదు. మనుష్యులలోను ఇట్లే జరుగునని ఇంకను రూఢి కాలేదు. అయినను కడుపులోని హెలికోబాక్టర్ పైలోరీ అను సూక్ష్మజీవివలన మనుష్యులకు ఒక విధమగు లింఫోమా కలుగును. మందులతో ఆ జీవిని తొలగించినచో పలువురిలో ఆ కణితియు కరగునని 1993లో వెల్లడియైనది.

మనము చేయదగినది

నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించకుండ చూచుకొనవలయును. దినమున అరగంటయైన నడువవలయును. ఆకుకూరలు, పప్పుధాన్యములు, చిక్కుళ్లు, రాగులు విరివిగా తినవలయును. వైద్యుడు చెప్పనిదే యాంటీబయాటిక్ మందులు వాడరాదు. అవి మేలుచేయు సూక్ష్మజీవులనుకూడ చంపును.

సన్ననివారికిని ఈ వ్యాధి రావచ్చును. కావున రోగిని తప్పుపట్టుట న్యాయము కాదు. వీడని నడుమునొప్పిని కుర్చీ వలననే వచ్చినదని త్రోసిపుచ్చరాదు. అట్టి నొప్పి, పాలిపోవుట, మాటిమాటికి జ్వరము కనిపించినచో రక్తపరీక్ష చేయించుకొనవలయును. ఆహార నియమము చికిత్సకు తోడేగాని, బదులు కాజాలదు.

భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందము తయారుచేసిన అమినోప్టెరిన్, పిల్లల లుకేమియాను కొంతకాలమైన అణపగలదని 1948లో వెల్లడియైనది. నేడు అంతకంటె మేలైన మందులు గలవు. వానివలన పూర్తి ఫలము పొందుటకు, రోగి సకాలమున వైద్యుని చేరవలయును.