మంచుకొండపై సత్రము

బాటసారికి నీడ కల్పించుట పుణ్యకార్యమని మన పెద్దలు తలచిరి. వారు కట్టించిన సత్రములకు రాయి చేరువనున్న గుట్టనుండియు, సున్నము ఊరి గానుగనుండియు, నీరు పెరటి బావినుండియు లభించెడివి. ఈ మూడును దొరకని తావున, ఏడాదిలో పెక్కు మాసములు మంచు కప్పియుండు పర్వతముపై సత్రము కట్టవలసివచ్చిన నేమి చేయవలెను? ఇందుకు స్విట్జర్లాండు దేశస్థులు చేసిన యత్నమొకదానిని మా విద్యార్థులకు వివరింపనెంచినాము.

ఆల్ప్సు పర్వతములలో జెర్మాట్ అను ఊరికి ఎగువన మోంటే రోజా అను శిఖరసముదాయము కలదు. అచ్చట హిమానీనదముల నడుమనున్న రాతినేలపై, 2,883 మీటర్ల ఎత్తున, పర్వతారోహకులకొక విడిదిగృహమున్నది. ఒడిశా తెలుగువారికి పరిచితమైన మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లే! అచ్చట 1895లోనే ఒక విడిది వెలసినది. దానికి బదులుగా క్రొత్తది కట్టుటకు స్విస్ ఆల్పైన్ క్లబ్బును, జ్యూరిక్ నగరమందలి సాంకేతిక విశ్వవిద్యాలయమును పూనుకొనినవి. ఆచార్య ఆండ్రియా డెప్లాజెస్ నాయకత్వమున విద్యార్థులు నమూనాలు గీచిరి. 2009లో గృహము పూర్తియైనది. విద్యార్థుల గీతలనుండి ఇట్టి కట్టడము పుట్టుట ఉపాధ్యాయులమైన మాకు మిక్కిలి ముచ్చట గొలుపుచున్నది.

అచ్చటికి బండిబాట లేదు. జెర్మాట్ వరకు రైలు తెచ్చిన సామగ్రిని ఆపైన హెలికాప్టరులు మోసినవి. అట్లు అవి దాదాపు 3,000 మారులు ఎగురవలసివచ్చినది. హెలికాప్టరు ఎత్తలేని దూలము, అదెంత గట్టిదైనను, ఇచ్చట పనికిరాదు. కావున గోడలును కప్పును కలప భాగములుగా దిగువనున్న కర్మశాలలలో కొలత తప్పక కోయబడి, కొండపై బిగింపబడినవి. కాంక్రీటును పునాదులకే పరిమితము చేసి, దానిపై ఉక్కు చట్రమును నిలిపిరి. వెలుపల అల్యూమినియపు రేకు తొడిగిరి. అది తేలికయైనది, మంచుకు తుప్పు పట్టనిది.

దూరమునుండి చూచిన ఈ గృహము స్ఫటికపు ముక్కవలె మెరయును. అది అందమునకై మాత్రమే కాదు. లోపలి చోటు తగ్గకుండ వెలుపలి గోడల వైశాల్యము ఎంత తగ్గిన, వేడి అంత తక్కువగా పోవును. చలిరాత్రులలో మనము మోకాళ్లు ముడుచుకొని పరుండుటలోని రహస్యమిదియే. మెట్లదారి వెలిగోడ వెంట చుట్టుకొనుచు పైకి సాగును. దానితోపాటు గాజు కిటికీయు సాగును. సూర్యుడు తిరిగిన కొలది ఆ గాజుగుండ ఎండ లోనికి వచ్చి గాలిని వెచ్చబరచును. దక్షిణపు గోడకు విద్యుత్తునిచ్చు సౌరఫలకములను అమర్చిరి.

అన్నిటికన్న వింత నీటి సంగతి. చుట్టును మంచే, త్రాగుటకు నీరు కరవు! కరగి పారు నీరు ఏడాదిలో కొన్ని మాసములే లభించును. దానిని గృహమునకు 40 మీటర్ల ఎగువన రాతిలో తొలిచిన తొట్టియందు నిలువచేయుదురు. అచ్చటినుండి నీరు తనంతతానే దిగివచ్చును. వాడిన నీటిని సూక్ష్మజీవుల సాయమున శుద్ధిచేసి మరుగుదొడ్లకు మరల వాడుదురు. రాబోవు వాతావరణమును, రానున్న అతిథుల సంఖ్యను ముందే గ్రహించి, విద్యుత్తును ఎప్పుడు దాచవలెనో ఎప్పుడు వాడవలెనో కంప్యూటరు నిర్ణయించును. కావలసిన శక్తిలో నూటికి 90 పాళ్లు అచ్చటనే ఉత్పత్తి కావలెనని నిర్మాతల సంకల్పము.

కాని గృహము ప్రసిద్ధమగుటతో ఊహించినదానికన్న అధికముగ జనులు వచ్చిరి. పడకలు 120 మాత్రమే. శిఖరమెక్కువారితోపాటు గృహమును చూడవచ్చువారును తోడగుటచే నీటి శుద్ధికిని విద్యుత్తుకును భారము హెచ్చినది. గోడల మందమును లెక్కించుట సులభము, మనుష్యుల కోరికను లెక్కించుట కష్టము. ఇట్టి చోట్ల భవనము గీయువాడు ఎందరిని రానీయవచ్చునో కూడ నిర్ణయించి తీరవలెనని మా అభిప్రాయము. దిగువ పట్టణమందువలె వేడినీటి స్నానము కోరు అతిథికి కాదనుట యజమానికి సులభము కాదు గదా!

ఇక హిమానీనదము ఏటేట కరగి వెనుకకు తగ్గుచున్నది. గృహము రాతిపై స్థిరముగనే యున్నది గాని, దానిని చేరు కాలిబాటను మంచు తగ్గిన కొలది మార్చుకొనవలసి వచ్చుచున్నది.