మహిళా సర్పంచి వస్తే ఊరు మారుతుందా?

మహిళ సర్పంచిగా ఉన్న ఊళ్లో మంచినీటి వసతి బాగుంటే, అది ఆమె పాలన ఫలితమేనా? ఆడవాళ్లను గెలిపించే చైతన్యమున్న ఊళ్లు మొదటినుంచీ మెరుగ్గా ఉండి ఉండవచ్చు కదా! రాజకీయ పరిశోధనలో అసలు చిక్కు ఇదే: రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని చెప్పలేం. 73వ రాజ్యాంగ సవరణ ఈ చిక్కు విప్పే అవకాశమిచ్చింది. దాని ప్రకారం పంచాయతీ అధ్యక్ష పదవుల్లో కనీసం మూడో వంతు మహిళలకు కేటాయించాలి. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్‌లలో ఆ కేటాయింపు ఏ పంచాయతీకి పడాలన్నది యాదృచ్ఛికంగా తేలింది. అందువల్ల రిజర్వు అయిన పంచాయతీలు, కానివి మొదట్లో సగటున ఒకే తీరున ఉన్నాయనుకోవచ్చు. తర్వాత వచ్చిన తేడాను కేటాయింపు ఫలితంగా లెక్కించవచ్చు. పరిశోధకులు రాఘవేంద్ర చటోపాధ్యాయ్, ఎస్తేర్ డఫ్లో ఆ రాష్ట్రాల్లోని బీర్‌భూమ్, ఉదయ్‌పూర్ జిల్లాల్లో అలాగే పోల్చి, 2004లో ఫలితాలు ప్రచురించారు. మహిళలు ఎక్కువగా అడిగే తాగునీటి పనులు రెండుచోట్లా రిజర్వు పంచాయతీల్లోనే ఎక్కువగా జరిగాయి.

మహిళా సర్పంచులు పేరుకే, పెత్తనమంతా భర్తలదేనన్న ఆక్షేపణ ఉంది. అదే పూర్తి నిజమైతే ఈ తేడా కనిపించకూడదు. రెండు జిల్లాల ఫలితం దేశమంతటికీ వర్తిస్తుందా అన్న ప్రశ్న మాత్రం న్యాయమైనదే. దానికి జవాబు వేరే చోట్ల మళ్లీ పరీక్షించడం, మార్పు ఎలా వచ్చిందో గ్రామాల్లో మనుషులతో మాట్లాడి తెలుసుకోవడం. పద్ధతి సరిగా లేని పరిశోధన మన నమ్మకాలనే మనకు తిరిగి చెబుతుంది. సరైన పద్ధతే వాటిని పరీక్షకు నిలబెడుతుంది.