పాలమూరు సీమలో క్రొత్త ఐతిహ్యములు: ‘అట’ లోపించిన కథ

ఐతిహ్యమనిన మన విద్యార్థులకు పాతకోటలు, దేవళములు, నిక్షేపములు స్ఫురించును. నిన్న పుట్టి, నేడు నోటినోట తిరిగి, రేపటికి మాయమగు భయకథను ఐతిహ్యముగా గణించు వారు తక్కువ. పాశ్చాత్య జానపద విజ్ఞానమున దీనికి నగరైతిహ్యమను పేరు కలదు. 1981లో అమెరికా పండితుడు జాన్ హెరాల్డ్ బ్రున్వాండ్ ప్రకటించిన గ్రంథముతో ఆ పేరు బహుళ ప్రచారము నొందెను. పేరున నగరమున్నను ఈ కథకు ఊరు, పట్టణము అను భేదము లేదనుటకు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమయే చాలిన నిదర్శనము.

పోల్చి చూచుటకు రష్యా మిక్కిలి అనుకూలమైన దేశము. సోవియట్ కాలమున అచ్చటి బాలురు వేసవి శిబిరములలో దీపములార్పిన పిమ్మట ఎర్రచేయి, నల్లదుప్పటి, చక్రముల శవపేటిక మున్నగు కథలు చెప్పుకొని వణకెడివారు. పెద్దలు చెప్పుకొన్న కథ వేరు. నల్లని వోల్గా కారు వీధుల తిరుగుచు పిల్లల నెత్తుకొనిపోవునని ఆ కథ. 1980 మాస్కో ఒలింపిక్ క్రీడలనాడు విదేశీయులిచ్చు తినుబండారములలో విషమున్నదను వదంతియు వ్యాపించెను. ఇట్టి వానిని అలెక్సాంద్రా అర్ఖిపోవా, అన్నా కిర్‌జ్యూక్ అను పరిశోధకురాండ్రు 2020లో ప్రకటించిన గ్రంథమున విపులముగా పరిశీలించిరి. వోల్గా అధికారుల వాహనమని ఇచ్చట గుర్తుంచుకొనవలెను. దానిని చూచి ఇంటిలో దాగవచ్చునే గాని, దానిపై కఱ్ఱ యెత్తుట ఎవరి తరము?

మన వైపున 1990ల కాలమున ‘ఓ స్త్రీ రేపు రా’ అను వ్రాత తలుపులమీదను గోడలమీదను వెలసిన సంగతి పలువురెఱుగుదురు. కన్నడ దేశమున అదియే ‘నాళె బా’. రాత్రివేళ ఒక స్త్రీ పరిచితుల గొంతుతో పిలుచును, పలికినవాడు బ్రతుకడు. వ్రాత చదివినచో మరలిపోవును, మఱునాడు మరల వచ్చి మరల అదియే చదువును. దయ్యమునకు అక్షరజ్ఞానమును, మాట నిలుపుకొను శీలమును ఆపాదించిన ఈ కల్పన హాస్యమున కర్హమే. కాని మేము గమనింపదగినదని తలచునది దాని విరుగుడు. సుద్దముక్కయో బొగ్గుముక్కయో చాలును. ఎవరికిని గాయము కాదు.

2018 వేసవిలో వ్యాపించిన కథకు అట్టి విరుగుడు లేదు. పార్థీ ముఠా వచ్చినదని, పిల్లల నపహరించి అవయవములు కోసికొని పోవుచున్నదని వాట్సాప్‌లో సందేశములు, దృశ్యములు తిరిగెను. అందొక దృశ్యము పాకిస్థాన్‌లోని కరాచీలో బాలల రక్షణకై తీసిన ప్రబోధ చిత్రము. చివర నున్న హితవాక్యము కత్తిరింపగా మోటారు సైకిలుపై బిడ్డ నెత్తుకొనిపోవు భాగము మాత్రమే మిగిలినది. గద్వాల ప్రాంతపు పల్లెలలో జనులు వేసవి రాత్రుల ఆరుబయట పడుకొనుట మానిరి. ప్రొద్దు గ్రుంకగనే తలుపులు బిగించుకొనిరి. తల్లిదండ్రులు వలసకూలికి పోగా పిల్లలు తాతల యొద్ద, అవ్వల యొద్ద పెరుగుట ఈ సీమలో అరుదు కాదు. అట్టి యిండ్లలో ఈ కథ యెంత లోతుగా దిగియుండునో ఊహింపవచ్చును.

పార్థీలు సంచారజాతి. 1871 నాటి నేరస్థజాతుల చట్టము అట్టి జాతులనెన్నింటినో పుట్టుకతోనే దొంగలుగా ముద్రవేసెను; 1952లో ఆ చట్టము రద్దయినను ముద్ర మాసిపోలేదు. రష్యా కథలో భయము పైకి, అధికారి కారువైపు చూచినది. మన కథలో అది క్రిందికి, బిచ్చగానివైపు, భాష రాని బాటసారివైపు చూచినది. వాని నెవరైనను కొట్టగలరు. 2018 మే నెలలో హైదరాబాదు చాంద్రాయణగుట్ట ప్రాంతమున ఒక ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని గుంపు కొట్టి చంపెను. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రాయిన్‌పాడాలో సంచారజాతికే చెందిన ఐదుగురు హతులైరి.

ఇచ్చట భాషాశాస్త్ర విద్యార్థులకొక విన్నపము. ‘ఐతిహ్య’ శబ్దము ‘ఇతి హ’ అనుదాని నుండి పుట్టినది. ‘ఇట్లట’ అని దాని భావము. చెప్పినవాడెవడో తెలియని మాట గనుకనే నైయాయికులు దానిని ప్రత్యేక ప్రమాణముగా నంగీకరింపలేదు. మన ‘అట’ చేయు పనియు నిదియే. “మా మేనమామ ఊర్ల ఎవరో వచ్చిండంట” అని పాలమూరు ముసలమ్మ చెప్పునపుడు ఆ ‘అంట’ కథకు కళ్లెము. తాను చూడలేదని ఆమె ఒప్పుకొనుచున్నది. విన్నవాడు సందేహించుటకు చోటు విడుచుచున్నది. చేతిలోని తెరపై కదలు బొమ్మకు ‘అట’ లేదు. అది పరోక్షమును ప్రత్యక్షముగా చూపును. నోటి కథకంటె ఈ కథ ప్రమాదకరమగుటకు మా దృష్టిలో ముఖ్యకారణ మిదియే, వేగము తరువాతిది.

అప్పుడు జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల పోలీసు అధికారిణిగా నుండిన రెమా రాజేశ్వరి చేసిన ప్రతిక్రియ జానపద విద్యార్థులు శ్రద్ధగా పరిశీలింపదగినది. ఆమె సిబ్బంది సుమారు 400 గ్రామములలో ఇంటింటికి తిరిగిరి. డప్పు వేయించి చాటించిరి. జానపద గాయకులచే వదంతులపై పాటలు పాడించిరి. ఆ గ్రామములలో ఈ వదంతివలన ఒక్క ప్రాణమును పోలేదు. అదే జులైలో వాట్సాప్ సంస్థ భారతదేశమున ఒక సందేశమును ఒకేమారు ఐదింటికి మించి పంపరాదని కట్టడి చేసెను; అది వేగమును తగ్గించు ఉపాయము. గద్వాలలో జరిగినది వేరు. పేరు తెలియని గొంతునకు బదులుగా, ఊరికంతకు తెలిసిన కానిస్టేబులు వీధి అరుగుమీద కూర్చుండి “నేను విచారించితిని, అట్టిదేమియు లేదు” అని చెప్పెను. తర్కశాస్త్ర పరిభాషలో అతడు ఆప్తుడు.

విద్వద్గద్వాలయని పేరొందిన సంస్థానపు కావ్యములపై, సీమ పాటలపై మన శాఖలలో పరిశోధనలు జరుగుచునే యున్నవి. ఆ డప్పు చాటింపుల పాఠములు, ఆ పాటలు, అవి ఖండించిన సందేశముల గొంతులు సేకరించు పనిని విద్యార్థులు ఆలసింపక చేపట్టవలెను. ఫోను మార్చినవాడు పాత సందేశములను దాచుకొనడు.