డబ్బాలో లేని రంగు

జనగామ నుంచి లింగాల ఘనపూర్ వెళ్లే దారిలో ఒక రేకుల షెడ్డు. లోపల ఇటుకల దొంతర్ల మీద ఒక అంబాసిడర్. డోర్లు, బానెట్, డిక్కీ మూత, అద్దాలు అన్నీ ఊడదీసి ఉండటంతో తలుపులు పోయిన పాత గడిలా కనిపిస్తోంది. డోర్లు గోడకు చేరగిలబడ్డాయి. బానెట్ వేపకొమ్మకు తాడుతో వేలాడుతోంది.

కారు ఒక రిటైర్డ్ పంతులుగారిది, ఆయన తండ్రి కొన్నది. ఉత్తరపాడాలో అంబాసిడర్ల తయారీ 2014లోనే ఆగిపోయింది కాబట్టి ఉన్నదాన్నే కాపాడుకోవాలన్నది ఆయన పట్టుదల. సిల్వర్ రంగు కోరుకున్నారు.

"ఎట్లాగూ విప్పినవ్ గదా, ఒక్కోదానికి రంగు కొట్టెయ్. తర్వాత బిగించుకుందాం" అన్నారు పంతులుగారు.

"అట్ల కొడితే డోరుకో రంగు కనబడ్తది సారూ."

"డబ్బా ఒకటే గదనయ్యా?"

"డబ్బా ఒకటేగానీ కొట్టే దినం ఒకటి గాదు గద."

పెయింటర్ మాట సాకులా వినిపిస్తుంది కానీ అందులో భౌతికశాస్త్రం ఉంది. ఇక్కడికి దగ్గర్లోనే పెంబర్తి. అక్కడి ఇత్తడి రేకును ఏ ముక్కకు ఆ ముక్క సుత్తితో కొట్టి, తెచ్చి ధ్వజస్తంభానికి తొడిగినా రంగులో తేడా రాదు, ఎందుకంటే ఆ పసుపు లోహానిది. కారు రంగు అలా కాదు. గన్ను నుంచి బయల్దేరి రేకు మీద పడి ఆరేలోగా, ఆ కొద్ది నిమిషాల్లో తయారయ్యేదే దాని ఛాయ.

సిల్వర్ లాంటి మెటాలిక్ రంగుల్లో సన్నని అల్యూమినియం రేకులు కలిసి ఉంటాయి. వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, వీటి వెడల్పు చాలావాటికి పది ఇరవై మైక్రాన్లే. అవి చేప పొలుసుల్లా పరుచుకుని పడుకుంటే ఎదురుగా చూసిన కంటికి వెలుగంతా తిప్పికొడతాయి, రంగు తెల్లగా మెరుస్తుంది. అడ్డదిడ్డంగా నిలబడితే వెలుగు చెదిరి రంగు నల్లబారుతుంది. ఎలా పడుకుంటాయన్నది తడిని బట్టి. గన్ను దగ్గరగా పట్టి తడితడిగా కొడితే రేకులు ఆ తడిలో ఈదులాడి ఎటంటే అటు తిరుగుతాయి. కాస్త దూరం నుంచి పలచగా కొడితే పడ్డచోటే అతుక్కుంటాయి. మామూలుగా గన్నుకీ రేకుకీ మధ్య జానెడు లోపు, అంటే 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎడం ఉంచాలంటారు. పొద్దున ఒక డోరు, మిట్టమధ్యాహ్నం ఎండలో ఇంకో డోరు కొట్టారనుకోండి. థిన్నర్ ఎగిరిపోయే వేగం మారుతుంది, దాంతో రేకుల పడక మారుతుంది, దాంతో ఛాయా మారుతుంది. డోరును బల్ల మీద పడుకోబెట్టి కొట్టడం, నిలబెట్టి కొట్టడం కూడా ఒకటి కాదు. అందుకే విడివిడిగా కొట్టక తప్పనప్పుడు తెలివైనవాళ్లు ప్రతి భాగాన్నీ కారుకు ఎలా ఉండాలో అలాగే నిలబెట్టి, అదే పూట, ఒకేసారి కలిపిన రంగుతో కానిచ్చేస్తారు.

మా మేనమామ కారుకు బానెట్ ఒక్కటే విప్పి రంగు వేయించారు. షెడ్డులో ట్యూబులైటు కింద అంతా బాగానే కలిసింది. ఇంటికి వస్తుంటే టోల్‌గేటు దగ్గర ఎండలో చూశాం: ఎవరి కారు బానెట్టో తెచ్చి తగిలించినట్టుంది! ఒక దీపం కింద కలిసిన రెండు రంగులు ఇంకో వెలుతురులో విడిపోవడం మామూలే. వాటిలోని రంగుపొడులు వేరైతే అలా జరుగుతుంది. ఆ షెడ్డు పేరు ఎందుకు లెండి.

కన్ను మహా గడుసుది. డిక్కీకీ బానెట్‌కీ తేడా ఉంటే పట్టుకోలేదు, మధ్య మీటర్ల దూరం. డోరుకూ మడ్‌గార్డుకూ మధ్య నాలుగైదు మిల్లీమీటర్ల సందే కాబట్టి అక్కడ మాత్రం వెంటనే పట్టేస్తుంది.

హెన్రీ ఫోర్డ్ ఈ చిక్కును భలే దాటేశాడు. 1914 నుంచి 1925 దాకా మోడల్ టీ కార్లన్నీ నలుపే. ఏ భాగానికి ఆ భాగాన్ని విడిగా ముంచో పోసో, వేరువేరు రకాల నల్లరంగులు పట్టించేవారు. నలుపుకు నలుపు తేడా ఎవడు చూడొచ్చాడు! తర్వాత డ్యూపాంట్ కంపెనీ వారి డ్యూకో రంగు వచ్చింది. 1924 మోడల్ ఓక్‌లాండ్ కార్లు దానితో నీలంగా మెరిశాయి. మన వడ్రంగులు ఇప్పటికీ బీరువాలకు వేసే 'డూకో' పేరు అక్కడిదే.

అన్నీ బిగించేసి ఒకేసారి కొట్టేస్తే పీడా పోతుంది కదా అంటే, అప్పుడు తుప్పు చేతికి చిక్కుతాం. రేకు డోరు చచ్చేది నడుమ కాదు, అంచుల్లో. అడుగున రేకును మడిచిన చోట, కబ్జాల వెనక, రబ్బరు బీడింగు కింద నీళ్లు నిలుస్తాయి. బిగించిన కారులో గన్ను అక్కడికి చేరదు. పైగా తడి రంగు తలతన్యత వల్ల పదునైన అంచుల నుంచి వెనక్కి లాక్కుంటుంది, అంచు మీద మిగిలే పొర మిగతాచోట్ల కన్నా పలచన. ఇక మాస్కింగ్ టేపు అంటించిన చోట రంగు గట్టులా ఆగిపోతుంది. ఆ గట్టు కింద గోరు పెడితే పొర లేస్తుంది. గోరు లేకపోయినా రెండు వానకాలాలు ఆ పని చేస్తాయి.

ఫ్యాక్టరీలు రెండు పద్ధతులనూ కలుపుకున్నాయి. డోర్లు, బానెట్ తగిలించిన ఉత్త డొల్లనే ప్రైమర్ తొట్టిలో ముంచి, కరెంటు పెట్టి సందుసందులోకి పొర ఎక్కిస్తారు. దాన్ని 160 డిగ్రీలు దాటిన కొలిమిలో కాల్చాక, అదే డొల్లకు డోర్లతో సహా రంగు కొడతారు. ఆ తర్వాత డోర్లు ఊడదీసి సీట్లూ వైర్లూ లోపల అమర్చి, ఏ కారు డోర్లు ఆ కారుకే మళ్లీ తగిలిస్తారు. ప్లాస్టిక్ బంపర్లు ఆ వేడికి తాళలేవు కాబట్టి చాలావాటికి రంగు విడిగా పడుతుంది. ఈసారి ఏ సిల్వర్ కారైనా కనిపిస్తే సాయంత్రపు ఏటవాలు ఎండలో పక్కకు నిలబడి బంపర్‌నీ మడ్‌గార్డునూ పోల్చి చూడండి. కొత్త కార్లలోనూ ఆ తేడా దొరుకుతుంది.

పంతులుగారి కారుకు ఈ షెడ్డులోనూ జరిగింది అదే, కొలిమి లేదంతే. ముందు పెయింటర్ ఉత్త రేకు మీదే డోర్లన్నీ తగిలించి, రెండు ఐస్‌క్రీమ్ పుల్లలు కలిపి పట్టుకుని సందులు కొలిచాడు. ఎక్కడ బిగుతైతే అక్కడ కబ్జాల కింద వాషర్లు మార్చాడు. పుట్టీ పట్టింది ఆ తర్వాతే. ముందే పట్టి తర్వాత డోరు జరిపితే గీసిన గీతలన్నీ వంకర పోతాయట. మళ్లీ అన్నీ విప్పి లోపలి అంచులకు, మడతలకు, కబ్జాల వెనకకు ప్రైమరూ రంగూ వేశాడు. డోరు అడుగున నీళ్లు జారే కంతలు పూడకుండా వాటిలో చీపురుపుల్లలు దోపాడు. బోల్టు తల కింద పచ్చి రంగు పిగిలిపోతుందని కొన్ని రోజులు ఆరనిచ్చి, అన్నీ బిగించి, సందుల్లోకి స్పాంజి పట్టీలు దూర్చాడు. స్పాంజి గుండ్రంగా ఉంటుంది కాబట్టి రంగు గట్టు కట్టకుండా పలచబడుతూ లోపల ఎక్కడో ఆగుతుంది.

ఒక్కటే నచ్చలేదు. ముక్కుకు దస్తీ కట్టుకున్నాడు. పైపూత హార్డెనర్‌లో ఉండే ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు ఆస్తమా తెచ్చిపెడతాయి, ఒకసారి పడకపోతే ఆ తర్వాత కొంచెం పీల్చినా ఉబ్బసమే. గుడ్డ వాటిని ఆపదు. పైపు ద్వారా మంచిగాలి అందించే మాస్కు కావాలి. చెబితే నవ్వాడు. పంతులుగారు మాత్రం నవ్వలేదు, ఎంతవుతుందో కనుక్కోమన్నారు.

నేలంతా నీళ్లు చల్లి దుమ్ము అణిచాక టాప్‌తో మొదలుపెట్టాడు. అక్కడి నుంచి డోర్లు, మడ్‌గార్డులు, బానెట్, ఎక్కడా ఆగకుండా, ఒక గీత మీద సగం పడేలా ఇంకో గీత. "రెండు కోట్లు అయినయ్" అంటే పంతులుగారు ఉలిక్కిపడ్డారు, డబ్బు సంగతేమోనని.

చీకటి పడే వేళకు పైపూత కూడా అయింది. లైటు వేయగానే ఒక రెక్కల పురుగు వచ్చి తడి టాప్ మీద వాలింది. పంతులుగారు చెయ్యి చాచబోతే పెయింటర్ ఆపాడు.

"ముట్టకుండ్రి సారూ, ఉండనియ్యిండ్రి. గట్టిపడినంక రెండువేల నెంబరు వాటర్ పేపర్‌తోని తీసి బఫింగ్ కొడ్త."