సోదాకు పోలీసులు వస్తే.. ఆపకండి, కాగితం అడగండి

ఫజర్ నమాజుకు లేచేసరికి గల్లీకి రెండు వైపులా పోలీసులు నిలబడి ఉంటారు. ఇంటింటికీ వచ్చి ఆధార్ చూస్తారు, బండి పేపర్లు అడుగుతారు. పత్రికల్లో దీన్ని ‘కార్డన్ సెర్చ్’, ‘నిర్బంధ తనిఖీ’ అని రాస్తారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జనానికి ఇది కొత్తేం కాదు. కానీ తలుపు తీశాక ఏం అడగాలో చాలా ఇళ్లలో తెలియదు.

2024 జూలై 1 నుంచి సీఆర్‌పీసీ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) వచ్చింది. ‘కార్డన్ సెర్చ్’ అనే పేరుతో అందులో సెక్షన్ ఏదీ లేదు. వస్తువుల కోసం ఇల్లు వెతకడానికి మామూలుగా రెండు దారులున్నాయి. ఒకటి, సెక్షన్ 96 కింద కోర్టు ఇచ్చే సెర్చ్ వారంట్. రెండోది సెక్షన్ 185. కేసు దర్యాప్తులో వారంట్ తెచ్చేలోపు ఆలస్యమైపోతుందనుకుంటే, ఎందుకు వెతుకుతున్నారో, దేని కోసమో ముందే రాసిపెట్టి పోలీసులు సోదా చేయొచ్చు. ఆ రాతల కాపీ 48 గంటల్లోగా మెజిస్ట్రేటుకు చేరాలి. ఇంటివాళ్లు దరఖాస్తు పెడితే మెజిస్ట్రేటు దాన్ని ఉచితంగా ఇస్తారు.

సోదా ఎలా జరగాలో సెక్షన్ 103 చెబుతుంది. ఆ ప్రాంతానికి చెందిన కనీసం ఇద్దరు పెద్దమనుషులు సాక్షులుగా ఉండాలి. ఇంటివాళ్లను దగ్గరుండి చూడనివ్వాలి. తీసుకున్న ప్రతి వస్తువునూ, అది ఎక్కడ దొరికిందో కూడా లిస్టులో రాసి సాక్షుల సంతకం తీసుకోవాలి. ఒక కాపీ ఇంటివాళ్లకు ఇవ్వాలి. సెక్షన్ 105 ప్రకారం ఇదంతా వీడియో తీసి, ఆలస్యం లేకుండా మెజిస్ట్రేటుకు పంపాలి.

పరదా పాటించే ఇళ్లకు ముఖ్యమైన మాట ఒకటుంది. ఆచారం ప్రకారం బయటి మగవాళ్ల ముందుకు రాని మహిళ గదిలో ఉంటే, లోపలికి వెళ్లే ముందు ఆమెకు చెప్పి, పక్కకు వెళ్లడానికి వీలు కల్పించాలని సెక్షన్ 44 అంటోంది. మహిళ ఒంటిని మహిళే, మర్యాదగా సోదా చేయాలి. ‘ఒక్క నిమిషం ఆగండి, ఆడవాళ్లు పక్కకు వెళ్తారు’ అని అడిగితే అది అడ్డుకోవడం కాదు.

గంజాయి అనుమానంతో ఒంటిని వెతికితే ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 50 వర్తిస్తుంది. గెజిటెడ్ అధికారి లేదా మెజిస్ట్రేటు ముందే సోదా చేయమని కోరే హక్కు ఉందని పోలీసులే ముందుగా చెప్పాలి. అలా చెప్పడం తప్పనిసరని సుప్రీంకోర్టు 1999లో బల్దేవ్ సింగ్ కేసులో తేల్చింది. అయితే చేతిలోని సంచికి ఈ రూలు వర్తించదు.

2021 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో పోలీసులు రోడ్డు మీద యువకులను ఆపి వాట్సాప్ చాట్‌లు చూసిన వీడియోలు పెద్ద చర్చ లేపాయి. ప్రైవసీ ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. ఫోన్ తీసుకుంటుంటే ఏ కేసులో, ఏ సెక్షన్ కింద అని అడగండి. అది లిస్టులో రాయించండి.

అయితే ఒక జాగ్రత్త. సోదాలో లోపం ఉన్నంత మాత్రాన దొరికిన వస్తువు సాక్ష్యంగా చెల్లకుండా పోదని పూరన్‌మల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి తలుపు దగ్గర గొడవపడితే లాభం లేదు, పైగా కొత్త కేసు మెడకు చుట్టుకోవచ్చు. అభ్యంతరం ఉంటే కాగితం మీద పెట్టండి. రాసింది చదవకుండా, ఖాళీ కాగితం మీద సంతకం చేయొద్దు.

కేసులో బండి సీజ్ చేస్తే అది స్టేషన్‌లో తుప్పు పట్టేదాకా ఆగక్కర్లేదు. సెక్షన్ 497 లేదా 503 కింద కోర్టులో అడగొచ్చు. వాహనాలను స్టేషన్లలో ఏళ్ల తరబడి ఉంచొద్దని సుందర్‌భాయ్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది.

2022 జూన్ నుంచి ఈ మూడు జిల్లాలకూ సొంత జిల్లా కోర్టులున్నాయి. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. హెల్ప్‌లైన్ నంబర్ 15100. వకీలు మొదట అడిగేది సోదా లిస్టు కాపీనే. అది ఇవ్వకుండా వెళ్తుంటే మర్యాదగానే అడగండి: ‘సార్, మా కాపీ?’